ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, అబద్ధం లేదు

కార్తీకమాసం రేపనగా సుబ్బలక్ష్మి గారి వంటింట్లోని ఉల్లిపాయల బుట్ట, వెల్లుల్లి డబ్బా ఎదురింటివాళ్ళకు వెళ్ళిపోతాయి. మళ్ళీ మకరజ్యోతి అయ్యాకే కొత్త బుట్ట గడప దాటి లోపలికి వస్తుంది. మిగతా రోజుల్లో ఆవిడది మణికొండలో అందరికీ తెలిసిన మామూలు కర్రీ పాయింటు. ఈ రెండు నెలలు మాత్రం ఇంటి కింది వాటాలోని ఆ వంటగది అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళదే. గచ్చిబౌలి, రాయదుర్గం ఆఫీసుల్లో నల్లబట్టలు కట్టుకుని, కాళ్ళకు చెప్పులు లేకుండా, మెడలో కంపెనీ కార్డూ తులసిమాలా ఒకదానికొకటి చిక్కుపడుతుండగా కంప్యూటర్ల ముందు కూర్చునే అరవైరెండు మంది స్వాములకు మధ్యాహ్నం భిక్ష ఆవిడ చేతి వంటే.

క్యారేజీల మీద అంటించే కాగితం మీద ఒకటే వాక్యం: "ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, అబద్ధం లేదు." అది ఆవిడ భర్త బుల్లిబాబు గారు రాసింది. ధవళేశ్వరం నీటిపారుదల ఆఫీసులో ముప్ఫైనాలుగేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి ఆయన. "ఆ మూడోది ఎందుకండీ?" అని ఆవిడ అడిగితే, "మొదటి రెండూ నమ్మాలంటే మూడోది ఉండాలి కదా" అన్నారు.

ఈ ఏడు బుల్లిబాబు గారు కూడా మాల వేసుకున్నారు. మాలలో ఉన్నవాళ్ళకు మగవాళ్ళందరూ స్వాములు, ఆడవాళ్ళందరూ మాతలు. కట్టుకున్న భార్యకు కూడా మినహాయింపు లేదు. ముప్ఫయ్యారేళ్ళు "ఏమేవ్" అని పిలిచిన మనిషి పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి "మాతా, పాలు కాగాయా?" అంటుంటే ఆవిడకు ఎవరో కొత్త మనిషి అద్దెకు దిగినట్టుండేది.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండూ ముప్పావుకు క్యారేజీలన్నీ ఆఫీసులకు చేరిపోయాయి. సుబ్బలక్ష్మి గారు గట్టు మీద కూర్చుని ఫోన్ తీశారు. పగలంతా ఉపవాసం ఉండి చుక్కలొచ్చాక నాలుగు పళ్ళు తినే నెల ఆవిడకిది. ఆ వేళప్పుడు ఆవిడకు ఉన్న ఒక్క ఆహారం, ఇన్‌స్టాగ్రామ్ పేజీలో స్వాములు పెట్టే మెప్పుమాటలు. దేవుడికి చెయ్యాల్సిన పనికి మెప్పు ఎందుకని ఆవిడ తనను తాను అప్పుడప్పుడు అడిగేవారు. అడిగి, మళ్ళీ ఫోన్ తీసేవారు. ముఖ్యంగా వారం పదిరోజులుగా అందరూ చారునే మెచ్చుకుంటున్నారు. "చారు అదిరింది మాతా." "ఇలాంటి చారు పుట్టి బుద్ధెరిగి తాగలేదు మాతా." ఒక స్వామి అయితే రెండో గ్లాసు కోసం పక్క స్వామిని బతిమాలుకున్నాడట.

ఇవాళ మాత్రం మెప్పు లేదు. ఒక ఫోటో ఉంది.

పప్పు గిన్నె ఫోటో. అందులో తెల్లగా, పల్చగా, గుండ్రటి ముక్క. లోపల గీతలు గీతలుగా చుట్లు. కింద రోహిత్ అనే స్వామి రాశాడు: "స్వామి శరణం. ఇది ఉల్లిపాయ కాదా మాతా? ఇవాళ నా దీక్ష పద్దెనిమిదో రోజు. ఇప్పుడు నా దీక్ష ఏమైనట్టు మాతా?"

ఆవిడ గట్టు దిగి నిలబడ్డారు.

ఆ కింద అప్పటికే నలభై మంది చేరారు. దీక్షలో ఉన్నవాళ్ళు కోపం తెచ్చుకోకూడదు, పరుషంగా మాట్లాడకూడదు. కాబట్టి తిట్లన్నీ నమస్కారాలతో వస్తున్నాయి. "ఇంత మోసమా మాతా, స్వామి శరణం." "మీకు సిగ్గుండాలని వినయంగా మనవి చేస్తున్నాను మాతా." "నా నోటికి వస్తున్న మాట మాల విప్పాక రాస్తాను మాతా."

ఇంకా ఘోరం ఏమిటంటే, ప్రతి తిట్టు కిందా పేజీ తనంతట తానే జవాబిస్తోంది: "మీ ప్రేమే మా ప్రసాదం స్వామీ! రేపు కూడా తప్పక రుచి చూడండి!" ఎవరు ఏం రాసినా వెంటనే అది వెళ్ళేలా కోడలు సంయుక్త దీపావళి ముందు పెట్టిన ఏర్పాటది.

సరిగ్గా ఒంటిగంటకు పేజీలో కొత్త పోస్టు ఒకటి వచ్చి పడింది. ఆ రోజు క్యారేజీలో చెప్పకుండా చక్కెర పొంగలి పెట్టారు. దాని కోసం సంయుక్త ముందురోజే రాసి, టైము పెట్టి ఉంచిన పోస్టు: "ఈరోజు మీ భిక్షలో ఒక సర్‌ప్రైజ్ దాగి ఉంది. కనిపెట్టారా? కనిపెట్టినవాళ్ళు ఫోటో పెట్టండి!"

నిమిషంలో పదకొండు మంది పెట్టారు. పదకొండూ పప్పు ఫోటోలే.

"సంయుక్తా!" అని ఆవిడ వేసిన కేక మేడమీదికే కాదు, సందు చివరి ఇస్త్రీ బండి దాకా వినిపించింది.

సంయుక్త ఆ రోజు ఇంటి నుంచే పనిచేస్తోంది. కంపెనీ మీద జనానికి కోపం వచ్చినప్పుడు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో రాసిపెట్టడం ఆ అమ్మాయి ఉద్యోగం. పెళ్ళిచూపుల్లో ఆ మాట విని సుబ్బలక్ష్మి గారు "దానికి జీతం కూడా ఇస్తారా తల్లీ?" అని అడిగారు. ఇప్పుడు ఆ అమ్మాయి చెవులకు మీటింగు తాలూకు హెడ్‌ఫోనుతోనే రెండేసి మెట్లు దిగి వచ్చింది.

"అత్తయ్యా, ఎవరూ ఏమీ టైప్ చెయ్యకండి! ముందు ఆ ఆటో రిప్లై ఆపేస్తాను. షెడ్యూల్ పోస్టులన్నీ ఆపేస్తాను. మనింటి నుంచి ఒక్కరే మాట్లాడాలి, ఒక్కటే మాట మాట్లాడాలి. సరేనా?"

"నేనసలు ఫోన్ ముట్టుకోలేదమ్మా."

"మరి ఇదెవరు?" సంయుక్త ఫోన్ తిప్పి చూపించింది.

పేజీలో మరో జవాబు ఉంది. "విషయము: పప్పునందు ఉల్లి వంటి పదార్థము కనబడుట గురించి. సూచిక: శ్రీ రోహిత్ స్వామి వారి ఫోటో, నేటి తేదీ. పై విషయమై తగు విచారణ జరిపి, నివేదిక అందిన పిమ్మట తమకు తెలియజేయబడును."

ఇద్దరూ గుమ్మంవైపు చూశారు. నల్ల పంచె, నుదుటిన విభూతి, ముక్కు మీద కళ్ళజోడుతో బుల్లిబాబు గారు ఫోన్‌ను ఫైలులా రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"తప్పేముంది? విచారణ జరుపుతాం అన్నాం. మా ఆఫీసులో ఈ ఒక్క ఉత్తరంతో ఆరేళ్ళు నడిపేవాళ్ళం."

"ఇక్కడ ఆరు నిమిషాలు కూడా నడవదు మావయ్యగారూ," అంది సంయుక్త. "ఇంకేమైనా చేశారా?"

"ఒకటి తీసేశాను. మరీ బాగోలేదు ఆ స్వామి రాసింది."

సంయుక్త నుదురు కొట్టుకుంది. తీసేసిన మాటను ఆ స్వామి ముందే ఫోటో తీసి పెట్టుకున్నాడు. "మాత నిజాన్ని తుడిచేస్తోంది, స్వామి శరణం" అంటూ దాన్ని మూడు గ్రూపుల్లో పెట్టాడు. బుల్లిబాబు గారు ఆ మాట చదువుకుని, "మాత కాదు, స్వామి తుడిచాడని రాయాల్సింది," అని నసిగారు.

సంయుక్త స్టూలు మీద కూర్చుని చకచకా రాసి వినిపించింది. "ఈ సంఘటన మా దృష్టికి వచ్చింది. మీ మనోభావాలను మేము గౌరవిస్తాము. ప్రాథమికంగా ఇది సిబ్బందిలో ఒకరి పొరపాటుగా..."

"ఆగమ్మా. సిబ్బంది ఎవరు?"

"అంటే, మామూలుగా అలాగే రాస్తాం అత్తయ్యా."

"నువ్వు రాసేది పెద్ద కంపెనీ. అక్కడ సిబ్బంది అంటే వేల మంది, ఎవరి మీదా పడదు. ఇక్కడ సిబ్బంది అంటే రూతమ్మ ఒక్కత్తే."

ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో కూరలు తరుగుతున్న రూతమ్మ సింకు దగ్గరే ఉంది. జహీరాబాద్ మనిషి. ఆదివారం చర్చికి తప్ప సెలవడగదు. స్వాముల నెలల్లో తన డబ్బాలో తెచ్చుకునే అన్నం కూడా బయట చెట్టు కింద కూర్చుని తింటుంది, అందులో ఉల్లి ఉంటుందని. పేజీలో అప్పటికే ఎవరో "మీ వంటింట్లో ఎవరెవరు పనిచేస్తారు మాతా?" అని అడిగారు. ఆ ప్రశ్న ఎటు పోతుందో సుబ్బలక్ష్మి గారికి తెలుసు.

రూతమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అక్కా, నేను ఉల్లిగడ్డ ముట్టలే. నువ్వు ఉపాసముంటవని నేను కూడ గీ నెల జర పైలంగుంట. ఏదీ, ఆ ఫోటో చూపియ్యి." చూసింది. ఇంకా దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత ఒక్కసారిగా కిసుక్కుమంది. "ఓ యక్కా! గిది నేను పొద్దుగాల కోసిన అరటిదూటనే గదా!"

నిజమే. ఆ రోజు పప్పు అరటిదూట పప్పు. అరటిచెట్టు కాండం లోపల ఉండే తెల్లటి దుంగ అది. చక్రాల్లా తరిగి ఉడకబెడితే పల్చగా, చుట్లు చుట్లుగా, చూడని కంటికి అచ్చం ఉల్లిచక్రంలాగే ఉంటుంది. కోనసీమలో ఏ పిల్లాణ్ణడిగినా చెబుతాడు. నిజాంపేట హాస్టల్లో ఉంటూ క్యాంటీన్లలో పెరిగిన రోహిత్ స్వామికి ఎవరు చెబుతారు?

"దేవుడున్నాడు," అని సుబ్బలక్ష్మి గారు కళ్ళు తుడుచుకున్నారు.

"దేవుడితో పాటు వీడియో కూడా ఉండాలి," అని సంయుక్త ఫోన్ సర్దింది. రూతమ్మ మిగిలిన దూట ముక్కను తీసి, చక్రం కోసి, సాగిన పీచును వేలికి చుట్టుకుంటూ చూపించింది. సుబ్బలక్ష్మి గారు పక్కన నిలబడి, "ఇది అరటిదూట స్వాములూ, మా రూతమ్మ పొద్దున ఆరింటికి వచ్చి తరిగింది," అన్నారు. నలభై సెకన్ల వీడియో. పేజీలో పెట్టిన రెండు నిమిషాల్లో గాలి మళ్ళింది.

"ఇదే ఊపులో రెండో భాగం తీద్దాం అత్తయ్యా. మన వంటిల్లంతా చూపిద్దాం. దాచేది ఏమీ లేదని తెలియాలి. పప్పుల డబ్బాలు, పోపుల డబ్బాలు, అన్నీ మూతలు తీసి."

"అన్నీ ఎందుకు తల్లీ?" అన్నారు బుల్లిబాబు గారు. ఆ మాట అంటూనే వెళ్ళి అలమర ముందు నిలబడ్డారు.

కందిపప్పు చూపించారు. చింతపండు చూపించారు. ఇంగువ చూపించారు. పై అరలోని పెద్ద స్టీలు డబ్బా దగ్గరికి వచ్చేసరికి బుల్లిబాబు గారి భుజం అడ్డొచ్చింది. కెమెరా ఎటు తిరిగితే ఆయన అటు జరుగుతున్నారు.

"స్వామీ, తప్పుకోండి. అది చారు పొడి. అందరూ మెచ్చుకునేదే అది," అన్నారు సుబ్బలక్ష్మి గారు.

"చారు గురించి ఎవరూ అడగలేదు కదా మాతా."

"మావయ్యగారూ, ఒక్క సెకను! అత్తయ్యా, మూత తీసి వాసన చూస్తున్నట్టు పెట్టండి. బావుంటుంది."

"నైవేద్యం పొడి, వాసన చూడకూడదమ్మా."

ఆ నియమం ఆవిడ ఏనాడూ తప్పలేదు. స్వాములకు పెట్టేది ముందు స్వామికి నివేదన కావాలి, నివేదనకు ముందు వంటను రుచి చూడకూడదు, వాసన పీల్చకూడదు. చెయ్యి కొలతే ఆధారం. నివేదన అయ్యాక తిందామంటే ఆవిడకు ఉపవాసం. రూతమ్మ తన డబ్బా తింటుంది. సంయుక్తా, కొడుకు శ్యామూ ఆఫీసు భోజనం వాళ్ళు. ఆ చారు ఇంట్లో తాగేది ఒక్క బుల్లిబాబు గారే.

"ఇవాళ్టి నైవేద్యం అయిపోయింది కదా అత్తయ్యా. ఇది కెమెరా కోసం."

ఆవిడ మూత తీసి, నవ్వుముఖంతో వంగి, వాసన చూశారు. నవ్వు అలాగే ఉండిపోయింది. దాని వెనక ముఖం మాత్రం మారిపోయింది.

"ఇది నా పొడి కాదు."

సంయుక్త ఫోన్ దించింది.

"స్వామీ," అన్నారు సుబ్బలక్ష్మి గారు. దీక్షలో ఉన్న మనిషిని తిట్టడానికి లేదు, గొంతు పెంచడానికి లేదు. "ఈ డబ్బాలో ఉన్నది ఏమిటి స్వామీ?"

బుల్లిబాబు గారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచారు. దీక్షలో అబద్ధం ఆడకూడదన్న నియమం ఆయన్ను నలువైపులా మూసేసింది.

"నీ పొడి తొమ్మిదిరోజుల క్రితమే అయిపోయింది మాతా. మిరపకాయలు, ధనియాలు ఇచ్చి పట్టించుకు రమ్మన్నావు. పిండిమర దగ్గర చూస్తే ఇరవై మంది. నాకు సాయంత్రం పూజ వేళవుతోంది. పక్కనే సూపర్ మార్కెట్టు. పొట్లాలు కొని డబ్బాలో పోశాను. రంగు ఒకటే కదా అనుకున్నాను."

"పొట్లం మీద ఏముందో చదివారా?"

"అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. కానీ పారెయ్యలేదు." ఆయన గబగబా వెళ్ళి ఒక అట్ట ఫైలు తెచ్చారు. అందులో పొట్లం కవరు చదునుగా మడిచి, బిల్లుతో కలిపి గుండుసూది గుచ్చి ఉంది. ఆయన సర్వీసులో కాగితం పారేసిన పాపాన పోలేదు.

సంయుక్త ఫోన్‌లో పెద్దది చేసి చదివింది. ధనియాలు, మిరప, కందిపప్పు, మిరియాలు, జీలకర్ర. ఆఖరి మాట దగ్గర ఆగి అత్తగారి వైపు చూసింది. "వెల్లుల్లి పొడి."

తొమ్మిదిరోజులు. అరవైరెండు క్యారేజీలు. అందరూ గ్లాసులు నాకిన చారు.

ఆవిడకు మొదట తట్టింది పాపం కాదు. ఆ మెచ్చుకోళ్ళన్నీ వెల్లుల్లివి, తనవి కావు అని తట్టింది. ఇంత జరిగితే ముందు ఈ ఆలోచనా వచ్చేది అని ఆ తర్వాత సిగ్గేసింది.

ఈలోగా చేతిలో ఫోన్ టంగుటంగుమంటూనే ఉంది. "క్షమించండి మాతా, తొందరపడ్డాం." "అరటిదూట అని తెలియక అన్నాం, శరణం." "మాత మాట ముత్యం."

"అత్తయ్యా, వినండి," సంయుక్త గొంతు తగ్గించింది. "వాళ్ళు అడిగింది ఉల్లి గురించి. మనం చెప్పింది అరటిదూట. రెండూ నిజమే. చారు గురించి ఎవరూ అడగలేదు. మా ఆఫీసులో అయితే అడగని ప్రశ్నకు జవాబివ్వం. డబ్బా ఖాళీ చేసేద్దాం. రేపటి నుంచి మీ పొడి. అంతే."

"అది అబద్ధం కాదంటావా?"

"కాదు. చెప్పకపోవడం అంతే."

"మూడో మాట ముందు 'వెల్లుల్లి లేదు' అని రెండో మాట కూడా ఉంది కదమ్మా కాగితం మీద."

అప్పుడే ఫోన్ మోగింది. చలపతిరావు గురుస్వామి. ఆఫీసుల్లోని ఆ స్వాములందరికీ మాల వేసింది ఆయనే. చందానగర్ వాసి. పద్దెనిమిదిసార్లు కొండకు వెళ్ళివచ్చిన మనిషి. ఆయన వద్దంటే రేపటి నుంచి ఒక్క క్యారేజీ కదలదు.

"ఏంది మాతా, గిట్లయితే ఎట్ల? స్వాములందరు పరేషాన్ అయితున్నరు. నాకొక్క మాట చెప్పుండ్రి. ఉల్లిగడ్డయితే కాదు గద?"

"ఉల్లి కాదండీ గురుస్వామీ. కానీ..."

"బస్! ఇగ ఫికర్ లేదు. మీ మీద మాట పడనియ్య. నేను చూస్కుంట." పెట్టేశారు.

నిమిషంలో పేజీ మీద ఆయన మాట వచ్చింది: "ఉల్లిగడ్డ కాదు. నేను స్వయంగ అడిగిన. మాత మీద నింద వేసిన స్వాములు ఆలోచించుకోండ్రి."

దాని కింద రోహిత్ స్వామి రాశాడు. "తప్పు చేశాను గురుస్వామీ. తెలియక మాత మీద నింద వేశాను. ప్రాయశ్చిత్తంగా ఇవాళ భిక్ష మానేస్తున్నాను. నీళ్ళు కూడా ముట్టను. స్వామియే శరణమయ్యప్ప." నూటపాతిక మంది దానికి దణ్ణం పెట్టారు.

సంయుక్త ఆఫీసులో ఇంతకంటే గొప్ప ఫలితం ఎవరూ చూసి ఉండరు. సుబ్బలక్ష్మి గారు మాత్రం పూజ మూల వైపు తిరిగి కూర్చున్నారు. అక్కడ పటంలో స్వామి మోకాళ్ళకు పట్టీ కట్టుకుని ఎప్పటిలా నిమ్మళంగా ఉన్నాడు. తెలియక తిన్న వెల్లుల్లిని నువ్వు లెక్కలోకి తీసుకుంటావా స్వామీ? చీమ తలకాయంత అక్షరాలు నువ్వు చదువుతావా? ఏమో, అది నీ ఇష్టం. కానీ పస్తు ఉన్నవాడు మాత్రం నిజంగానే పస్తు ఉన్నాడు. చెయ్యని తప్పుకు వాడు కడుపు మాడ్చుకుంటే, చేసిన తప్పు పెట్టుకుని నేను దణ్ణాలు అందుకోనా?

ఆవిడ లేచి చీర సర్దుకున్నారు. "ఫోన్ పట్టుకో సంయుక్తా."

"ఏం చెబుతారో నేను రాసివ్వనా?"

"వద్దు తల్లీ. నీ చదువులో పనికొచ్చే ముక్క ఒకటుంటే చెప్పు, చాలు."

మీటింగులో ఎవరో తన పేరు పిలుస్తుంటే సంయుక్త హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టేసింది. "ఏం జరిగిందో ముందు చెప్పండి. ఎందుకు జరిగిందో తక్కువ చెప్పండి. ఇప్పుడు ఏం చేస్తారో చెప్పి ఆపెయ్యండి. మా వాళ్ళకు ఏటా నేర్పిస్తాను. ఒక్కరూ చెయ్యరు."

ఆవిడ స్టీలు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"స్వాములూ, నమస్కారం. నేను సుబ్బలక్ష్మిని. పప్పులో ఉన్నది అరటిదూటే. కానీ చారులో వెల్లుల్లి ఉంది. తొమ్మిదిరోజుల నుంచి ఉంది. మాకు ఇప్పుడే తెలిసింది. బజారు పొడి కలిసింది, పొట్లం మీద రాసే ఉంది, మేము చదవలేదు. రోజూ ఆ పొడి వేసింది నా చెయ్యే. మా రూతమ్మకు దీంతో ఏ సంబంధమూ లేదు. మీ దీక్షల సంగతి గురుస్వామి గారు చెబుతారు, నాకంత తెలీదు. రేపటి నుంచి మానుకునేవాళ్ళు మానుకోండి, తప్పుపట్టను. తెప్పించుకునేవాళ్ళకు రేపటి చారు నా చేత్తో దంచిన పొడితో వస్తుంది. రోహిత్ స్వామీ, నువ్వు అడగడం తప్పు కాదు నాయనా. సరిగ్గానే అడిగావు, గిన్నె ఒక్కటి మారింది. మా ఇంటికి వచ్చి భిక్ష చెయ్యి."

ఆపెయ్యమన్నట్టు సంయుక్త చెయ్యి ఊపుతుండగా బుల్లిబాబు గారు ఫైలుతో సహా ఫ్రేములోకి వచ్చి పడ్డారు. "పొడి కొన్న స్వామిని నేనే. బిల్లు నంబరు నాలుగు వేల పదిహేడు, తేదీ..." అని మొత్తం చదివారు. అదంతా కూడా వెళ్ళింది.

వీడియో పెట్టాక ముందు ఒకరు మానుకున్నారు. ఇంకొకరు. మొత్తం పద్నాలుగు మంది. ప్రతి పేరూ సంయుక్త పైకి చదువుతుంటే ఆవిడ తల ఊపుతున్నారు. పదిహేనో మాట వచ్చింది: "అందుకేనా మాతా చారు అంత బాగుంది!" దాని కింద పాతికమంది నవ్వులు. సుబ్బలక్ష్మి గారికి ముల్లు దిగినట్టయింది. ఆ ముల్లు తనకు దిగవలసిందే అని కూడా అనిపించింది.

మళ్ళీ ఫోన్. గురుస్వామి.

"ఏం మాతా! నేను ఉల్లిగడ్డ అడిగితె మీరు ఎల్లిగడ్డ చెప్తరా?"

"మీరు వినకుండా పెట్టేశారండీ."

"అవ్, నాదే తప్పు. ఎరుకలేక తిన్నదానికి దీక్ష పోదు. సాయంత్రం అందరితోని నూటెనిమిది శరణాలు చెప్పిస్త. మీ స్వామితోని మాత్రం వెయ్యెనిమిది చెప్పియ్యుండ్రి, పొట్లం ఆయన కొన్నడు. నేనైతే రేపు తెప్పించుకుంట." తర్వాత గొంతు తగ్గించారు. "నిజం చెప్పాల్నంటే మాతా, ఆ చారు నేను గూడ రెండు గ్లాసులు తాగిన."

మూడున్నరకు రోహిత్ స్వామి వచ్చాడు. బైక్ ట్యాక్సీ దిగి, ఎండకు కాలుతున్న పాదాలతో గుమ్మం ముందు గెంతుతూ నిలబడ్డాడు. ఫోటోలో నిప్పులు చెరిగినవాడు మనిషి మాత్రం పుల్లలా ఉన్నాడు. బుల్లిబాబు గారు "స్వామి శరణం" అన్నారు. అతనూ అన్నాడు. ఇద్దరూ ఒకరికొకరు వంగి దణ్ణాలు పెట్టుకుంటూ ఎవరు ముందు లేవాలో తెలియక కాసేపు అలాగే ఉండిపోయారు.

ఈలోగా సుబ్బలక్ష్మి గారు మిరియాలు, జీలకర్ర రోట్లో దంచి, కొత్తగా చారు కాచి, స్వామికి నివేదించి విస్తరి వేశారు. అతను ప్రతిదాన్నీ చూపించి అడిగాడు. "ఇదేమిటి మాతా?" "పొట్లకాయ." "ఇది?" "దోసకాయ." "ఇది?" "అదే నాయనా, నీ ఉల్లిపాయ." రూతమ్మ గుమ్మం అవతల నుంచి పకపకా నవ్వింది.

అతను అన్నంలో చారు పోసుకుని ఒక ముద్ద తిన్నాడు. ఆవిడ ఆగలేకపోయారు. ఆగాలని అనుకుంటూనే అడిగేశారు.

"చారు ఎలా ఉంది స్వామీ?"

రోహిత్ స్వామి నమలడం ఆపేశాడు. విస్తరి చూశాడు, ఆవిడను చూశాడు, మెడలో మాల చూసుకున్నాడు. దీక్షలో అబద్ధం ఆడకూడదు. పెట్టిన మాతను నొప్పించనూ కూడదు.

"చెప్పు నాయనా, పర్వాలేదు."

"కొంచెం చప్పగా ఉంది మాతా. శరణం."

బుల్లిబాబు గారు కళ్ళు మూసుకున్నారు. సుబ్బలక్ష్మి గారు గరిటె గిన్నెలో పెట్టేశారు. తర్వాత పొద్దుటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ వినని నవ్వు ఒకటి నవ్వి, మేడ మెట్ల వైపు కేకేశారు.

"సంయుక్తా! ఆ పేజీలో రాయమ్మా. ఇవాళ చారు కొంచెం చప్పగా ఉందని రాయి. రోహిత్ స్వామి చెప్పాడని కూడా రాయి."